డాక్టరమ్మగారి చెయ్యి వణికినప్పుడు



పోయిన నెల ఈ పుటలో ముసలితనంలో ఉన్న తల్లిదండ్రుల గురించి మాట్లాడుకున్నాము. ఈ నెల, ముసలితనం రాకముందే పని మానుకోవలసి వచ్చిన ఒకరి గురించి వ్రాస్తున్నాను. ఆమె డాక్టరు. ఊరందరి జబ్బులు చూసిన మనిషి తానే జబ్బుపడి, ఏభై ఒకటవ ఏట పని విడిచిపెట్టి వెళ్లవలసి వచ్చింది. ఈ సంగతిలో నా తప్పు కూడా ఉన్నది. అందుకే వ్రాయడానికి పది సంవత్సరాలు పట్టింది.

నేను అప్పుడు ఒక పల్లెటూరి పాస్టరేటులో ఉన్నాను. అక్కడ నలభై పడకల పాత మిషన్ ఆసుపత్రి ఒకటి ఉండేది. చుట్టుపక్కల ఇరవై ఊళ్లకు కాన్పు అంటే ఆ ఆసుపత్రే, పాము కరిచినా ఆ ఆసుపత్రే. డాక్టరమ్మగారు పెళ్లి చేసుకోలేదు. ఇరవై మూడు సంవత్సరాలు అక్కడే పనిచేశారు. ఆసుపత్రి ఆవరణలోని రెండు గదుల క్వార్టర్సే ఆమె ఇల్లు. మా సండే స్కూలు పిల్లల్లో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె వెస్ట్రీ గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కుడిచెయ్యి చాపారు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు ఒకదానినొకటి రాసుకుంటూ, మాత్ర నలుపుతున్నట్లు కదులుతున్నాయి.

“నా చెయ్యి నా మాట వినడం లేదయ్యగారూ. హైదరాబాదు వెళ్లి చూపించుకున్నాను. పార్కిన్సన్స్ జబ్బు అన్నారు.”

నేను ప్రార్థన చేశాను. ఆ తరువాత అన్న మాట ఇది: “అమ్మా, ఈ సంగతి ఇప్పుడే బయటకు రానివ్వకండి. ఇంకొక డాక్టరు దొరికేదాకా ఒక్క సంవత్సరం నెట్టుకురండి. దేవుడున్నాడు.”

ఆమె తల ఊపి వెళ్లిపోయారు. నేను ఆసుపత్రి కమిటీలో సభ్యుడిని. ఆమె వెళ్లిపోతే ఆసుపత్రి మూతపడుతుందేమోనన్న భయమే నా మనస్సు నిండా ఉన్నది. ఆమెకు నిద్ర పడుతున్నదా, అన్నం కలుపుకొని తినగలుగుతున్నదా అని నాకు తోచనే లేదు. ప్రార్థన చేశాను గనుక నా పని అయిపోయింది అనుకున్నాను.

పార్కిన్సన్స్ జబ్బును మన ఊళ్లలో వణుకుడు జబ్బు అంటారు. మెదడులో డోపమిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. అప్పుడు వణుకు ఒక్కటే రాదు. ఒళ్లు బిగుసుకుంటుంది, నడక నెమ్మదిస్తుంది, చేతివ్రాత చిన్నదైపోతుంది, ముఖంలో కదలిక తగ్గుతుంది. మందులు కొంత సుఖమిస్తాయి గాని జబ్బును పూర్తిగా తీసివేయలేవు. ఇదంతా నేను తరువాత తెలుసుకున్నాను. ఆ దినాల్లో మేము చూసింది వేరు. డాక్టరమ్మగారి చీటీలో అక్షరాలు చీమల్లా అయిపోయి మందులిచ్చే అబ్బాయి చదవలేకపోతే, “అమ్మగారికి మన మీద విసుగు వచ్చింది” అన్నారు. రాత్రి పిలిస్తే ఆమె నెమ్మదిగా నడిచి వస్తుంటే, “ఈ మధ్య పొగరెక్కింది” అన్నారు. ముఖం కదలక చిరునవ్వు రాకపోతే, “మునుపటి ప్రేమ లేదు” అన్నారు. జబ్బు లక్షణాలన్నిటినీ ఆమె గుణదోషాలుగా లెక్కగట్టాము. నిజం తెలిసిన నేను నోరు విప్పలేదు.

ఆమె మాత్రం ఎవరికీ హాని కలుగనివ్వలేదు. వెస్ట్రీలో నాతో మాట్లాడిన వారం నుండే పెద్ద ఆపరేషన్లు తాను చేయడం మానివేశారు. శనివారాలు పట్నం నుండి వచ్చే సర్జనుగారికి అప్పగించేవారు. ఎనిమిదో నెలలో ఒక వానరాత్రి తొలిచూలు కాన్పు కేసు వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ తప్పదు. ఆమె చూసిన వెంటనే 108 బండికి ఫోను చేయించి, తోడుగా నర్సమ్మనిచ్చి, జిల్లా ఆసుపత్రికి పంపించారు. బండి ఎక్కుతూ ఆ పిల్ల మేనమామ ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ఆమెను అనరాని మాటలు అన్నాడు. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వచ్చారు. మరునాడు ఉదయమే ఆమె రాజీనామా కాగితం కమిటీకి ఇచ్చారు.

నెలలోగా క్వార్టర్సు ఖాళీ చేయాలన్నారు. పట్నంలో పెద్ద ఆసుపత్రివాళ్లు ఎక్కువ జీతానికి పిలిచారట అని ఒక పుకారు పుట్టింది. వీడ్కోలు సభకు ఇరవై మంది వచ్చారు. ఒక శాలువా, ఒక దండ, సమోసా, టీ. ఇరవై మూడు సంవత్సరాల సేవ ముప్పావు గంటలో ముగిసింది.

డాక్టర్లు తమ జబ్బును ఎందుకు దాచుకుంటారో ఆ తరువాత కొందరు వైద్యులను అడిగి తెలుసుకున్నాను. మొదటిది, తన జబ్బుకు తానే మందు వేసుకునే అలవాటు. మనమైతే డాక్టరు దగ్గరకు వెళ్తాము, డాక్టరు మాత్రం బీరువాలో నుండి మాత్ర తీసి మింగుతాడు. రెండవది, రోగులు జారిపోతారనే భయం. సొంత నర్సింగ్ హోం పెట్టుకుని బ్యాంకు అప్పు కట్టుకునేవానికి ఒక నెల మూత పడితే ఇల్లే కదలిపోతుంది. మూడవది, మనస్సుకు వచ్చే జబ్బు. దిగులు, నిద్రలేమి, మద్యం అలవాటు డాక్టర్లనూ విడిచిపెట్టవు. చెబితే పరువు పోతుందని చెప్పరు. ఇవి గాక పని వల్లనే వచ్చే జబ్బులున్నాయి. సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి రావచ్చు. దానికి టీకా ఉన్నది. క్షయరోగుల మధ్య తిరిగేవారికి క్షయ అంటవచ్చు. గంటల తరబడి వంగి ఆపరేషన్లు చేసేవారికి నడుము, మెడ దెబ్బతింటాయి. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ రోగులను చూస్తూ ప్రాణాలు కోల్పోయిన వైద్యులున్నారు. బ్రతికి బయటపడినా మునుపటి శక్తి తిరిగిరాని వారూ ఉన్నారు.

అయితే పని విడిచిన డాక్టరు కథ అక్కడితో ముగిసినట్లేనా? చరిత్రలో నుండి ఇద్దరిని గుర్తుచేస్తాను.

మొదటివాడు అమెరికా దేశపు డాక్టరు ఎడ్వర్డ్ ట్రూడో. 1848లో పుట్టాడు. 1865లో అతని అన్నకు క్షయ వస్తే దగ్గరుండి ఉపచారం చేశాడు. గాలి తగిలితే రోగికి ప్రమాదమని కిటికీలు మూసి ఉంచే కాలం అది. అన్న చనిపోయాడు. తరువాత ట్రూడో వైద్యం చదివి, 1871లో పట్టా పుచ్చుకొని, న్యూయార్కులో ప్రాక్టీసు మొదలుపెట్టాడు. 1873లో అతనికే క్షయ అని తేలింది. అప్పటికి అతని వయస్సు పాతిక మాత్రమే. ఆ కాలంలో ఆ జబ్బుకు మందు లేదు. ప్రాక్టీసు విడిచి, చనిపోయేలోగా తనకు ఇష్టమైన అడవిలో కొన్ని దినాలు గడుపుదామని ఉత్తరాన ఉన్న అడిరాండాక్ కొండలకు వెళ్లాడు. అక్కడి చల్లని స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, మంచి ఆహారము అతనిని నిలబెట్టాయి. 1876లో కుటుంబంతో సహా సారనాక్ లేక్ అనే కుగ్రామానికి వచ్చి స్థిరపడ్డాడు. 1885లో అక్కడ ఒక చిన్న ఎర్రరంగు కుటీరం కట్టి, న్యూయార్కు నుండి వచ్చిన ఇద్దరు పేద పనిపిల్లలను మొదటి రోగులుగా చేర్చుకున్నాడు. అది పెరిగి పెద్ద శానిటోరియం అయింది. 1894లో క్షయను పరిశోధించే ప్రయోగశాల కట్టాడు. అతని జబ్బు మాత్రం పూర్తిగా పోలేదు. కూతురినీ ఆ క్షయే తీసుకుపోయింది. మంచం మీద ఉన్న దినాలు, లేచి తిరిగిన దినాలు కలిసి నలభై సంవత్సరాలకు పైగా బ్రతికి, 1915లో చనిపోయాడు.

మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం మీలో చాలామందికి తెలుసు. 1912లో మిషనులు కలిసి స్థాపించిన ఆ క్షయ ఆసుపత్రిలో కూడా, మందులు రాని దినాల్లో, మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారమే వైద్యం. మన తాతల తరంలో అక్కడ నెలల తరబడి ఉండి బాగుపడి వచ్చినవారున్నారు. విశ్రాంతి కూడా వైద్యమే అని రోగులకు చెప్పే మనము, వైద్యునికి మాత్రం విశ్రాంతి ఇవ్వడానికి వెనుకాడుతాము.

రెండవవారు మన దేశపు డాక్టరమ్మే. డాక్టర్ మేరీ వర్గీస్ 1925లో కేరళలో పుట్టి, రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివారు. స్త్రీల వైద్యంలో స్థిరపడాలని ఆమె కోరిక. 1954 జనవరిలో తోటివారితో విహారానికి వెళ్తుండగా వారి బండి బోల్తాపడింది. ముఖం ఛిద్రమైంది, వెన్నెముక దెబ్బతిన్నది. నడుము క్రింద నుండి చచ్చుబడిపోయింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా లేవు. డాక్టరుగా తన బ్రతుకు అయిపోయిందనే ఆమె అనుకున్నారు.

ఆ సమయంలో ఆ ఆసుపత్రిలోనే కుష్ఠురోగుల వంకరపోయిన చేతులను ఆపరేషన్లతో సరిచేస్తున్న డాక్టర్ పాల్ బ్రాండ్, చేతి ఆపరేషన్లు కూర్చుని చేయవచ్చునని ఆమెకు చెప్పారు. నిలబడలేని డాక్టరమ్మ చక్రాల కుర్చీలో కూర్చుని, పట్టు తప్పిన వేళ్లకు తిరిగి పట్టునిచ్చే ఆపరేషన్లు చేశారు. తరువాత చికిత్సకు ఆస్ట్రేలియాలోని పెర్త్ వెళ్లి, అక్కడ అవయవాలు చచ్చుబడినవారిని తిరిగి తమ పని తాము చేసుకునేలా తీర్చిదిద్దడం చూశారు. ఆ వైద్యం నేర్చుకోవడానికి న్యూయార్కు వెళ్లి, తిరిగి వచ్చి, రాయవేలూరులో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో అక్కడ అటువంటి రోగుల కొరకు ప్రత్యేకంగా ఒక కేంద్రం ప్రారంభమైంది. 1972లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. 1986లో ఆమె కన్నుమూశారు.

ఈ కథను ఎన్నో సభల్లో విన్నాను, నేనూ చెప్పాను. ఆమె ధైర్యాన్నే పొగుడుతూ వచ్చాను. మా డాక్టరమ్మగారు వెళ్లిపోయిన తరువాతనే ఆ కథలో రెండవ మనిషి నాకు కనిపించాడు. డాక్టర్ బ్రాండ్ ఆమెలో ఏమి మిగిలి ఉన్నదని చూశారు. నేను మా ఆసుపత్రికి ఏమి నష్టం వస్తుందని చూశాను. మా డాక్టరమ్మగారి చెయ్యి వణికింది గాని ఇరవై మూడు సంవత్సరాల అనుభవం వణకలేదు. కత్తి పట్టలేకపోయినా నర్సు పిల్లలకు పాఠం చెప్పగలిగేవారు. ఉదయం రెండు గంటలు గర్భిణీలను చూసి సలహా చెప్పగలిగేవారు. ఆ ఇంటిలోనే ఇంకొన్నాళ్లు ఉండగలిగేవారు. ఇవేవీ మేము అడగలేదు. పూర్తిగా చెయ్యి, లేదా పూర్తిగా వెళ్లిపో అన్నట్లు చేశాము.

అయితే ఒక హెచ్చరిక చేయాలి. జబ్బుపడిన ప్రతి డాక్టరూ మేరీ వర్గీస్ కావాలని మనము ఆశించకూడదు. అది మరొక బరువు. చేతనైనవారు చేస్తారు. చేతకానివారు ఇంటిపట్టున కూర్చుంటారు. ఇద్దరూ గౌరవానికి తగినవారే.

మన పరిశుద్ధ గ్రంథములో ఈ సంగతి ఎప్పుడో వ్రాయబడి ఉన్నది. సంఖ్యాకాండము ఎనిమిదవ అధ్యాయము చదవండి. లేవీయులు ఏభై ఏళ్లు నిండగానే బరువైన సేవ మానుకోవాలి, అయితే తమ సహోదరులతో కూడ ఉండి వారికి తోడ్పడవచ్చును అని అక్కడ కట్టడ ఉన్నది. పని ఆగింది గాని స్థానము పోలేదు. ఫిలిప్పీ పత్రికలో ఎపఫ్రొదితు సంగతి చూడండి. సేవలో చావు వరకు జబ్బుపడిన మనిషి. పౌలు అతనిని ఇంకొక్క సంవత్సరం నెట్టుకురమ్మనలేదు. ఇంటికి పంపివేశాడు, పైగా అటువంటివారిని ఘనపరచవలెనని సంఘానికి వ్రాశాడు. ఈ భాగం మీద నేను కనీసం పదిసార్లు ప్రసంగించి ఉంటాను.

ఇక కొన్ని ఉపయోగపడే సంగతులు. మన సంఘ కుటుంబాల పిల్లలు ఇప్పుడు చాలామంది డాక్టర్లు, నర్సులు అయ్యారు గనుక ఇవి తెలిసి ఉండాలి.

ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారు జబ్బుపడిన తొందరలో రాజీనామా వ్రాయకూడదు. రాజీనామా వేరు, అనారోగ్యం మీద విరమణ వేరు. రాజీనామా చేస్తే పెన్షను నియమాల ప్రకారం వెనుకటి సర్వీసు పోతుంది. మెడికల్ బోర్డు సర్టిఫికెట్టు మీద విరమిస్తే అనారోగ్య పెన్షనుకు దారి ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుండి ఉద్యోగంలో చేరినవారు వేరే పెన్షను పద్ధతి క్రిందకు వచ్చారు గనుక, ఏ తేదీన చేరారో చెప్పి కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. ఇంకొక ముఖ్యమైన సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 20వ సెక్షను ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వ సంస్థ తీసివేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పనికి సరిపోకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. డాక్టర్ బ్రాండ్ ప్రేమతో చేసినదాన్ని చట్టం బాధ్యతగా చేసింది.

మన తెలుగు డాక్టర్లు చాలామంది పనిచేస్తున్న ఇంగ్లాండు జాతీయ ఆరోగ్య సేవలో, 2008 నుండి అనారోగ్య పెన్షనుకు రెండు మెట్లున్నాయి. ఉన్న పని చేయలేనివారిది ఒక మెట్టు, ఏ పనీ క్రమంగా చేయలేనివారిది రెండవ మెట్టు. ఈ రెండూ ఒకటి కావని గుర్తించడమే అందులోని మంచి.

మిషన్ ఆసుపత్రుల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసేవారు ప్రావిడెంటు ఫండు సంగతి చూసుకోవాలి. 1995 నాటి ఉద్యోగుల పెన్షను పథకంలో సభ్యులైనవారికి, సర్వీసులో ఉండగా పూర్తిగా శాశ్వతంగా పనిచేయలేని స్థితి వస్తే పెన్షను ఉన్నది. సభ్యత్వం ఉన్నదో లేదో బాగున్నప్పుడే చూసుకోవాలి. సొంత ప్రాక్టీసు వారికి ఇవేవీ ఉండవు. వారు వయస్సులో ఉండగానే ఇన్సూరెన్సు చేసుకోవాలి. ప్రతి డాక్టరుకూ తనది కాని వేరొక డాక్టరు ఉండాలి.

సంఘస్థులకు, ఆసుపత్రి కమిటీల పెద్దలకు నాలుగు మాటలు. డాక్టరు జబ్బు సంగతి చెప్పుకుంటే ప్రార్థన చేయండి, దానితోబాటు “ఎప్పుడు ఆగుతారు? మేము ఏమి సర్దుకోవాలి?” అని అడగండి. క్వార్టర్సు ఖాళీ చేయమనే ముందు వారికి వేరే ఇల్లు ఉన్నదో లేదో కనుక్కోండి. పుకారు మీ చెవిని పడితే అక్కడే ఆపండి. పని మానిన డాక్టరు ఇంటికి మందు చీటీ కోసం కాక, మనిషిని చూడడానికి వెళ్లండి.

నేను వెళ్లడానికి రెండు సంవత్సరాలు పట్టింది. డాక్టరమ్మగారు తమ్ముడి ఇంటి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఒక్కొక్క కాయకు చాలాసేపు పడుతున్నది. నేను కూడా కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. కొంతసేపటికి, ఆ ఆదివారం వెస్ట్రీలో అన్న మాటకు క్షమించమని అడిగాను.

“మీరు ప్రార్థన చేసినందుకు నాకేమీ బాధ లేదయ్యగారూ. ఆ దినము నాకు కావలసింది ఎవరైనా ‘ఇక చాలమ్మా’ అనడం. అది నాకు నేను చెప్పుకోలేకపోయాను. మీరు చెబుతారని వచ్చాను.”

నాకు నోట మాట రాలేదు. కొంచెం ఆగి, ఇప్పుడేమి చేస్తున్నారమ్మా అని అడిగాను. మన అలవాటు ప్రశ్న.

“ఏమీ చేయడం లేదయ్యగారూ. జబ్బుగా ఉంటున్నాను. ఇన్నాళ్లూ దానికి తీరిక దొరకలేదు.”

ముఖం కదలలేదు గాని ఆమె నవ్వుతున్నారని నాకు అర్థమయింది. ఆ సంవత్సరం క్రిస్మసుకు, ఆమె చేతుల్లో పుట్టిన పిల్లలు పదకొండు మందిని జీపులో ఎక్కించుకొని ఆ వరండాకు తీసుకువెళ్లాను. ఎవరి తల్లి పేరేమిటో, ఎవరు ఏ అర్ధరాత్రి పుట్టారో ఆమె ఒక్కొక్కరికీ చెప్పారు. ఒక్కటీ మరచిపోలేదు.

మీ ఊళ్లో అటువంటి డాక్టరుగారు ఎవరైనా ఉంటే, ఈ నెలలోనే వెళ్లి చూసి రండి. వచ్చే నెల మరల కలుసుకుందాము.